ఈరన్న పొడుగు హ్యాండిల్ బండి

షట్టరు దించేశాక

బేతంచెర్ల స్టేషన్ రోడ్డులో ముప్పై ఎనిమిదేళ్లు మోటారు సైకిళ్లు బాగు చేశాను. మోకాళ్లు మొరాయించాయి కాబట్టి మానేశాను గానీ, లేకపోతే ఇంకా అక్కడే గోనెపట్టా మీద కూర్చుని ఎవరి మీదో విసుక్కుంటూ ఉండేవాణ్ణి. నా దగ్గర పని నేర్చుకుని వేరే ఊళ్లలో షాపులు పెట్టుకున్నవాళ్లు ఫోన్ చేసి "మేస్త్రీ, ఇది ఎట్ల, అది ఎట్ల" అని అడుగుతుంటారు. చెప్పిందే చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే రాసి పెడుతున్నాను.

ఎన్ని బండ్లు చేశాను, ఎవరెవరు మెచ్చుకున్నారు అన్నది రాయను. దానితో మీకు పనిలేదు. ఇంజన్ విప్పి బిగించడం కూడా రాయను, ఫోనులో వీడియో పెడితే నాకంటే బాగా చూపిస్తారు. నేను రాసేది ఒక క్లచ్ వైరు గురించి. నేనే కొలిచి, కర్నూలులో చేయించి తెచ్చి, నేనే బిగించిన వైరు. కొలతలో తప్పు లేదు. అయినా ఒక మనిషి నీళ్లలో పోయాడు. ఆయన భార్య రెండేళ్లపాటు తన మొగుడి గురించి ఒక తప్పు మాట నమ్మి బతికింది. ఆ మాట నా నోటి నుంచి వచ్చింది.

దెయ్యాలున్నాయా లేవా అని నన్ను అడగొద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కొలత

పొడుగు హ్యాండిల్ వేయించుకోవడానికి వచ్చేవాళ్లు రెండు రకాలు. మొదటి రకం కుర్రాళ్లు. చంకలు ఎగరేసుకుని కూర్చుంటే ఊరంతా చూస్తుందని వాళ్ల ఆశ. రెండో రకం అవసరం ఉన్నవాళ్లు. బండలెత్తి నడుం పడిపోయి వంగలేనివాళ్లు, ట్యాంకు మీద సరుకు పెట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లు. మొదటి రకం వాళ్ల పనిలో తప్పు జరిగితే మీ షాపు ముందుకొచ్చి తిడతారు. రెండో రకం వాళ్లు తిట్టరు, సర్దుకుపోతారు. జాగ్రత్తగా ఉండాల్సింది వీళ్లతోనే.

క్లచ్ వైరులో లోపల ఉక్కు తీగ, పైన నల్లటి తొడుగు. ఎడమచేతి లీవరు నొక్కితే లోపలి తీగ లాగుతుంది. ఇంజన్ పక్కనున్న చిన్న చెయ్యి కదులుతుంది. ఇంజన్‌కూ చక్రానికీ ఉన్న పట్టు ఊడుతుంది. ఇంతే. హ్యాండిల్ ఎత్తు పెరిగితే పాత వైరు చాలదు. చాలని వైరే బిగిస్తే, హ్యాండిల్ నిటారుగా ఉన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. పూర్తిగా పక్కకు తిప్పినప్పుడు తొడుగు లాక్కుపోయి, లీవరు ఎవరూ ముట్టకుండానే క్లచ్ వదిలేస్తుంది. ఇంజన్ అరుస్తుంది, బండి పోదు. అట్లాగని మూరెడు ఎక్కువ పెట్టారనుకోండి, వైరు మడత పడుతుంది, లీవరు బిరుసెక్కుతుంది. ఒక కుర్రాడికి నా శిష్యుడొకడు ఇట్లాగే ధారాళంగా పెట్టి పంపాడు. ఆ వైరు వేలాడి వేలాడి సైలెన్సరుకు తగిలి కరిగింది. కుర్రాడు పెళ్లిచూపులకు బండి తోసుకుంటూ వెళ్లాడు. సంబంధం మాత్రం కుదిరిందట.

మా ఉస్తాద్ ఖాజా సాబు నేర్పిన పద్ధతి ఇది. కొత్త హ్యాండిల్ బిగించి, వైరు ఏ దారిన పోవాలో ఆ దారి వెంట సుతిలి తాడు పరచాలి. ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి, ఏ వైపు ఎక్కువ అడుగుతుందో ఆ కొలత తీసుకోవాలి. ముందు షాకులను కిందకు అదిమి మళ్లీ చూడాలి. దాని మీద రెండు వేళ్ల వదులు.

"దర్జీ చేతులెత్తమని కొలుస్తాడు గదరా. బండిని కూడా అట్లనే కొలవాల. ఊరికే నిలబెట్టి కొలిస్తే అది చచ్చిన బండి కొలత అవుతాది" అనేవాడు.

ఇంకో మాట కూడా అనేవాడు. వైరులో లోపం వెతికేటప్పుడు చెయ్యి కింద నుంచి పైకి పోవాలి. కన్ను మోసం చేస్తుంది, వేలు చెయ్యదు.

మా షాపులో ఇంకో పద్ధతి ఉండేది. అదీ ఉస్తాద్ పెట్టిందే. పెద్ద పని చేసిన ప్రతి బండికీ చివర్న నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చిన నల్ల దిష్టి తాడు కట్టి పంపేవాళ్లం. మళ్లీ బండి రిపేరుకు వస్తే ముందు ఆ తాడు విప్పి మేకుకు తగిలించేవాళ్లం. గ్రీజు చేతులతో దాన్ని ముట్టకూడదు. పనంతా అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని మళ్లీ కట్టేవాళ్లం. గిరాకీలకు అది శానా ఇష్టం. నాకూ ఇష్టమే, ఎందుకు అబద్ధం చెప్పాలి.

చీరల మూట

ఈరన్నది కోడుమూరు. నేతగాడు. తనూ భార్య సరోజమ్మా మగ్గం మీద నేసిన నూలు చీరలు, పక్కిళ్లలో నేసినవి కలిపి మూట కట్టుకుని, వారానికోసారి మా వైపు వచ్చి క్వారీ కూలీల ఇళ్ల దగ్గర అమ్ముకునేవాడు. మూటను ట్యాంకు మీదే పెట్టుకునేవాడు. మామూలు హ్యాండిల్ ఆ మూటకు అడ్డం తగిలి తిరిగేది కాదు. అందుకని పొడుగు హ్యాండిల్ కావాలని నా దగ్గరికి వచ్చాడు.

"మూట ఎనక కట్టుకోరాదా అప్పా?" అన్నాను.

"ఎనక కడితే కండ్లకు కనపడదు మేస్త్రీ. ముందరుంటే సంటిబిడ్డను ఒళ్లో పెట్టుకున్నట్ల ఉంటాది" అని నవ్వాడు.

మూట బండి మీద పెట్టించే కొలత తీశాను. ఆ కొలత విషయంలో ఇప్పటికీ నన్ను నేను తప్పు పట్టుకోను. పని అయ్యాక అలవాటు ప్రకారం నల్లదారం ఉండ తీశాను. ఈరన్న వద్దన్నాడు.

"ఆ దారం రెండు దినాలకు పీలికలైతాది. మా ఇంటామె పేనింది తెచ్చినా."

సంచిలోంచి తీసి ఇచ్చాడు. పడుగు నూలు ఎనిమిది పోగులు కలిపి పేని, గంజి పట్టించి, నల్లరంగు అద్దిన తాడు. తెంపి చూద్దామని లాగితే నా వేలు కోసుకుంది. ఇంత గట్టి దిష్టి తాడు నా జన్మలో చూడలేదని చెప్పి మెచ్చుకున్నాను. మామూలుగా హ్యాండిల్ నడిమధ్యన కడతాం. ఇక్కడ మధ్యలో మూట ఉంటుంది కాబట్టి ఎడమ కడ్డీకి నాలుగు చుట్లు చుట్టి, ముడి వేసి, నిమ్మకాయ వేలాడదీశాను.

కొన్ని నెలలకు ఈరన్న ఒక మాటన్నాడు.

"మేస్త్రీ, బండి ఒగోసారి ఎనక్కి గుంజుతాది. యాడన్నా పూర్తిగా తిరుక్కునేటప్పుడు ఎవరో పట్టుకున్నట్ల ఉంటాది."

తాడు విప్పి మేకుకు తగిలించి, బండిని అటూ ఇటూ తిప్పి చూశాను. వైరు బాగుంది, క్లచ్ బాగుంది. రోడ్డు మీద నడిపి చూశాను. చేతులు కడుక్కుని తాడు మళ్లీ కట్టాను.

"మూట బరువప్పా. ఇంగ నాలుగు చీరలు అమ్ముకో, ఎవరూ పట్టుకోరు" అని ఎగతాళి చేశాను. పాపం, ఆయన కూడా నవ్వాడు.

గుంత

మా ఊరి బయట బండ తవ్వి వదిలేసిన గుంతలు చాలా ఉన్నాయి. వాన నీళ్లూ ఊట నీళ్లూ చేరి పచ్చగా నిలబడి ఉంటాయి. ఒక పాత క్వారీ దారిలో అట్లాంటి గుంత ఒకటుంది. దాని అంచున దారి ఎడమకు పూర్తిగా మడత తిరిగి ఎత్తు ఎక్కుతుంది. ఒక పక్క పనికిరాని రాళ్ల కుప్పలు, ఇంకో పక్క నీళ్లు. మధ్యాహ్నం పూట ఎండకు తెల్లబండ మెరిసి కళ్లు తెరవనివ్వదు. కోత మిషన్లు భోజనానికి ఆపితే అక్కడ పిట్ట చప్పుడు కూడా ఉండదు.

ఒక మిట్టమధ్యాహ్నం, మిషన్లు ఆగిన వేళ, సద్ది తింటున్న కూలీలకు బండి గట్టిగా అరిచిన శబ్దం వినిపించింది. తర్వాత ఏమీ వినపడలేదు. ఎవరో బండి పోనిస్తున్నారనుకుని అన్నం తినడం పూర్తి చేశారు. చేతులు కడగడానికి గుంత దగ్గరికి వెళ్లినవాళ్లకు నీళ్ల మీద చీరలు కనిపించాయి. ఎర్రవి, పసుపువి, నీలంవి, మడతలు విప్పుకుని, ఎవరో ఆరేసినట్టు గుంత నిండా పరుచుకుని ఉన్నాయి. గాలి లేదు. అవి మాత్రం మెల్లగా కదులుతూ ఉన్నాయని వాళ్లు చెప్పారు.

ఈరన్నను మూడో గంటకు బయటికి తీశారు. బండిని మర్నాడు తీశారు.

బండి పూర్తిగా గ్యాసిచ్చి అరిచిందని అందరూ విన్నారు. గ్యాసిచ్చి నీళ్లలోకి పోయాడంటే కావాలనే పోయాడని ఊరు తేల్చేసింది. దానికి తోడు ఆ పొద్దున ఇంట్లో మొగుడూ పెళ్లాం మాట మాట అనుకున్నారట, ఆయన అన్నం తినకుండా బయల్దేరాడట. వారం తర్వాత సరోజమ్మ, ఈరన్న తమ్ముడు మల్లేశు నా షాపుకు వచ్చారు. బండి అక్కడే ఉంది.

ఆమె ఏడవలేదు. నిలబడి సూటిగా అడిగింది.

"అన్నా, బండిలో ఏమన్నా లోపం ఉండాదా? ఉంటే చెప్పు. లేకుంటే లేదని చెప్పు."

నేను అప్పటికే బండిని కడిగి, తడిసిన దిష్టి తాడు బ్లేడుతో కోసి పారేసి, హ్యాండిల్ రెండు వైపులా తిప్పి, క్లచ్ నొక్కి చూశాను. షాపులో పదిమంది వింటున్నారు. నా పని మీద అనుమానం వస్తుందేమోనని నాకు లోపల రోషం కూడా వచ్చింది.

"బండిలో ఏ లోపమూ లేదమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆ మాటకు అర్థం ఏమిటో అప్పుడు నేను ఆలోచించలేదు. బండిలో లోపం లేదంటే మనిషి తనంతట తాను పోయాడని అర్థం. పదిమంది ముందు ఆ తీర్పు చెప్పింది నేను.

ఎవరూ నడపకుండా

ఏడాదిన్నర దాటాక మల్లేశు ఆ బండిని మళ్లీ నడిపించుకుంటానని వచ్చాడు. ఇంటికి ఆధారం ఆ చీరల తిరుగుడే. ఇంజన్ విప్పి కడిగాను. పాత కొలతతోనే కొత్త వైరు తెప్పించి బిగించాను. పని అయ్యేసరికి వాడు జేబులోంచి నల్లతాడు తీశాడు.

"వదిన ఇచ్చింది మేస్త్రీ. అన్న మీద కోపముండాది గానీ నా మీద భయముండాది ఆమెకు."

చేతులు కడుక్కుని, ఎడమ కడ్డీకి నాలుగు చుట్లు చుట్టి కట్టాను.

మూడు వారాలకు మల్లేశు వచ్చాడు.

"మేస్త్రీ, ఆ గుంత కాడ మలుపులో అన్న పట్టుకుంటాండాడు. బండి అరుస్తాది, ముందుకు పోదు, ఎనక్కి జారుతాది. మూడుసార్లు అయినాది. యాడా ఇట్ల కాదు, ఆ మలుపులోనే."

తాడు విప్పాను, మేకుకు తగిలించాను, చూశాను. అంతా బాగుంది. నడిపాను. అంతా బాగుంది. మళ్లీ కట్టి పంపాను. ఇంకో వారానికి మళ్లీ వచ్చాడు. మళ్లీ అంతే. బండి నా చేతిలో ఉంటే బుద్ధిగా ఉంటుంది, వాడి చేతిలో ఆ మలుపుకు పోతే అదుపు తప్పుతుంది. షాపు ముందు చాయ్ తాగేవాళ్లు బండికి దూరంగా కూర్చోవడం మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే, సాయంత్రం షట్టరు దించేటప్పుడు నేనూ దాని వైపు వీపు పెట్టడం మానేశాను.

తర్వాత సరోజమ్మ తానే వచ్చింది. మల్లేశు బండి తోసుకుంటూ వెనక వచ్చాడు. ముందు రోజు పగలు మల్లేశు ఇంటి ముందు బండి ఆపి, హ్యాండిల్ ఎడమకు ఒరిగి ఉండగా, ఇంజన్ ఆపకుండా, గేరు తీయకుండానే సైడు స్టాండు వేసి దిగాడట. ఆమె మూట దించుకోవడానికి వచ్చి, అడ్డంగా ఉన్న హ్యాండిల్‌ను నిటారుగా జరిపింది. మనిషి లేని బండి ఒక్కసారిగా ముందుకు దూకింది. రెండడుగులు పోయి, గడప ముందు మెట్టుకు చక్రం కొట్టుకుని, పక్కకు పడి ఆగిపోయింది.

"ఇంట్లోకి వస్తాండాడు అన్నా. నన్ను ఇడ్చిపెట్టి తన ఇష్టంగా పోయినోడు ఇప్పుడు యేంటికి వస్తాండాడు? రెండు పెద్దల అమావాస్యలు పోయినాయి, నేను ఆయనకు బట్టలు పెట్టలేదు, బువ్వ పెట్టలేదు. పెట్టబుద్ధి కాలేదు. అందుకా? ఈ బండిని ఇనపసామానోళ్లకు ఇచ్చెయ్. మల్లేశును కూడా తీస్కపోతాడు."

బండి అమ్మేస్తే మల్లేశుకు పని ఉండదు. ఉంచితే ఆ మలుపు ఉంది. రెండు రోజులు ఆగమని చెప్పి ఆమెను పంపాను.

మలుపు

ఆ రాత్రి నాకు ఉస్తాద్ మాట ఒక్కటే గుర్తుకొచ్చింది. బండిని చచ్చినట్టు నిలబెట్టి చూస్తున్నాను. అది ఎట్లా తిరుగుతుందో అట్లా చూడటం లేదు. మర్నాడు మల్లేశుతో చెప్పాను, మూట ట్యాంకు మీద పెట్టు, తాడు ఉండనీ, ఏదీ విప్పొద్దు, ఆ మలుపుకే పోదాం అని.

మేము వెళ్లేసరికి మిషన్లు ఆగే వేళ అయింది. ఎండకు బండ మీద గాలి వణుకుతోంది. మల్లేశు ఒక పెద్ద రాయి ఎత్తుకుని బండి వెనక చక్రం పక్కన నడుస్తున్నాడు, జారితే కింద పెట్టడానికి. నేను మొదటి గేరులో ఎక్కిస్తూ హ్యాండిల్ ఎడమకు తిప్పాను. చివరి దాకా తిప్పాను.

ఇంజన్ గట్టిగా అరిచింది. బండి ఆగిపోయింది. ఇంకా గ్యాసిచ్చాను. ఇంకా అరిచింది గానీ బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. కాలి బ్రేకు మీదుండాల్సిన కాలు నాకు తెలియకుండానే నేల మీదికి వెళ్లింది. ముందు బ్రేకు పట్టాను, చక్రం రాళ్లపొడి మీద జరజరా జారింది. ముందు మూట ఉంది, వెనక ఎవరూ లేరు. అయినా ఆ క్షణంలో నా వీపు మీద, భుజాల మధ్య, ఒక అరచెయ్యి ఆనినట్టు అనిపించింది. నెట్టడం కాదు, లాగడం కాదు, ఊరికే ఆనింది. తర్వాత మిగతాదంతా నాకు అర్థమైంది గానీ ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు.

"రాయి!" అని అరిచాను. మల్లేశు పెట్టాడు. నీళ్లకు నాలుగడుగుల దూరంలో ఆగాం.

ఇంజన్ ఆపాను. హ్యాండిల్ ఎట్లా ఉన్నదట్లే పట్టుకోమన్నాను. కిందికి వంగి, ఇంజన్ పక్కనున్న చిన్న చేతిని చూశాను. లీవరును ఎవరూ ముట్టలేదు, అయినా అది పూర్తిగా లాగి ఉంది. వైరు తొడుగు దాని గూటిలోంచి బయటికొచ్చి, లోపలి ఉక్కు తీగ అంగుళం మేర బోడిగా కనిపిస్తోంది. అక్కడ వేలు పెట్టి పైకి పోనిచ్చాను. తొడుగు బిర్రుగా ఉంది. ఇంకా పైకి పోయాను. ఎడమ కడ్డీ దగ్గర వేలు ఆగిపోయింది. ముడి తగిలింది.

దిష్టి తాడు కడ్డీతో పాటు వైరును కూడా కలిపి పట్టుకుంది. నేను కట్టేటప్పుడు, వైరు ఊగి మూటకు రాసుకోకుండా ఉంటుందని దాన్ని కూడా కలిపి చుట్టాను. ఎప్పుడు కట్టినా బండి నిటారుగానే నిలబడి ఉండేది. నేను కొలిచి ఇచ్చిన రెండు వేళ్ల వదులు మొత్తం ముడికి పైనే ఉండిపోయింది. ముడికి కింద చాలినంత వైరు లేదు. బజారు దారమైతే మొదటిసారి తిప్పినప్పుడే పుటుక్కున తెగిపోయేది. ఎనిమిది పోగుల పడుగు నూలు తెగలేదు. సరోజమ్మ ఇంటి ముందు బండి దూకింది కూడా ఇందుకే: హ్యాండిల్ ఎడమకు ఉన్నంతసేపూ గేరులో ఉన్నా క్లచ్ వదిలేసి ఉంది, నిటారుగా జరపగానే పట్టుకుంది.

ముడి వదులు చేశాను. చిన్న చెయ్యి తనంతట తాను, మెల్లగా, పాకినట్టు వెనక్కి పోయింది. నేను చటుక్కున నా చెయ్యి తీసేశాను.

షాపులో ఎందుకు దొరకలేదో మీకు ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది. ప్రతిసారీ తాడును గౌరవంగా విప్పి, దయ్యాన్ని మేకుకు తగిలించి, అప్పుడు బండిలో వెతికాను. తర్వాత చేతులు కడుక్కుని దాన్ని మళ్లీ బండికి కట్టాను.

అప్పుడు ఇంకోటి గుర్తుకొచ్చింది. ఈరన్న బండి నీళ్లలోంచి తీసినప్పుడు, పాత వైరు తొడుగు మీద ఒకచోట చుట్టూ లోతుగా కోసుకుపోయిన గుర్తు ఉంది. చూశాను. నీళ్లలో రాయి తగిలిందేమో అనుకుని వైరు పారేశాను. గ్యాసిచ్చి నీళ్లలోకి పోలేదు ఈరన్న. ఎత్తు ఎక్కడానికి గ్యాసిచ్చాడు. బండి వెనక్కి పోయింది.

మల్లేశు రాళ్ల మీద కూలబడ్డాడు.

"వదినకు చెప్పొద్దు మేస్త్రీ."

"చెప్పకుంటే ఎట్లరా?"

"ఆ తాడు పేనింది వదిన. ఆయప్పకు ఏమీ కాకూడదని కూర్చుని పేనింది. నువ్వు చెప్తే ఆమె బతకదు. తాడు తీసేసినావు గదా, ఇంగ బండి బాగుంటాది. చాలు."

వాడు చెప్పింది అబద్ధం కాదు. నాకు కూడా అదే సుఖం. చెప్పకపోతే నా పేరు నిలబడుతుంది, షాపు నిలబడుతుంది. కానీ ఆమె అడిగిన ప్రశ్న నా దగ్గరే ఉంది, దానికి నేను ఇచ్చిన జవాబు తప్పు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పదలిచింది ఇక్కడే ఉంది. "లోపం లేదు" అనే మాట మెకానిక్ నోట్లోంచి రాకూడదు. "నాకు కనపడలేదు" అనండి. గిరాకీ ముందు చిన్నబోయినా పరవాలేదు. బండి యజమాని దాన్ని ఎట్లా వాడుతాడో అట్లాగే, తాడుతో, మూటతో, బొమ్మతో, దండతో సహా చూడండి. పవిత్రమైనదని దేన్నీ పక్కన పెట్టి చూడొద్దు. దండం తర్వాత పెట్టుకోవచ్చు.

కోడుమూరులో

మర్నాడు పొద్దున మల్లేశు వెంట అదే బండి మీద కోడుమూరు వెళ్లాను. సరోజమ్మ మగ్గం గుంటలో కూర్చుని ఉంది. నన్ను చూసి ఆపింది. కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. బండిలో లోపం ఉండింది. ఈరన్న కావాలని పోలేదు" అన్నాను.

ఆమెను వాకిట్లో బండి దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. అదే తాడు, నేను కట్టినట్టే కట్టాను. హ్యాండిల్ ఎడమకు తిప్పి, కింద చూడమన్నాను. ఎవరూ లీవరు ముట్టకుండా ఆ చిన్న చెయ్యి లేచింది. ఆమె మళ్లీ తిప్పమంది. మళ్లీ తిప్పాను. మూడోసారి తానే తిప్పి చూసింది.

"ఇది నేను పేనిన తాడు" అంది.

"తాడు తప్పు కాదమ్మా. కట్టిన చెయ్యి నాది. నాలుగుసార్లు వెతికి కనుక్కోలేకపోయింది నేను. పదిమందిలో లోపం లేదన్నది నేను. నీ తాడు గట్టిగా ఉండాల్సిన తాడే" అన్నాను. అట్లా చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను. చెప్పాక నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె తాడు విప్పి అరచేతిలో పెట్టుకుంది. వేళ్లతో పోగులు ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టు తడిమింది. మల్లేశు భయపడి దగ్గరికొచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఆ మలుపు యాడికి పోతాది అన్నా?" అని అడిగింది.

"ఆ ఎత్తు ఎక్కితే రోడ్డు వస్తాది. ఈ పక్కకే" అన్నాను.

"అయితే అమ్మకం ముగించుకుని ఇంటికి తిరుక్కున్యాడు. పొద్దున అన్ని మాటలు అన్యా ఆయప్పను. అయినా ఇంటికే వస్తాండె."

అప్పుడు ఏడ్చింది. గట్టిగా, వాకిట్లో, పక్కిళ్ల మగ్గాలు ఆగిపోయేటట్టు ఏడ్చింది. మల్లేశు నా వైపు కోపంగా చూశాడు. నేను తలొంచుకున్నాను. ఎంతసేపటికో కొంగుతో మొహం తుడుచుకుని నాతో అంది.

"నా తాడే పట్టింది. అది నేను మోస్తా అన్నా. ఇన్నాళ్లు మోసింది మోయలేకపోతాంటి."

లోపలికి వెళ్లింది. పెట్టె మూత తీసిన చప్పుడైంది. మడత విప్పని కొత్త పంచె తెచ్చి, నాలుగు అంచులకూ పసుపు రాసి, గోడ మీది ఫోటో దించి దాని ముందు పెట్టింది. పొయ్యి మీద అన్నం వండమని మల్లేశుకు చెప్పింది. ఆ రోజు ఏ అమావాస్యా కాదు, వట్టి పనిదినం. ఇస్తరాకులో మొదటి ముద్ద ఈరన్నకు వడ్డించి, "తిను, పొద్దున తినకుండా పోతివి" అంది.